సొంతింటి కాంట్రాక్టు: బెంగళూరులో లేబర్‌కి ఇవ్వాలా, మెటీరియల్‌తో ఇవ్వాలా, కొలతల మీద ఇవ్వాలా?

సైటు రిజిస్ట్రేషన్ అయిపోయింది, ఈ-ఖాతా (ఆస్తి వివరాల డిజిటల్ పత్రం) చేతికొచ్చింది, బ్యాంకు లోను ఇస్తానంది. కేఆర్ పురం, హొరమావు, సర్జాపుర వైపు థర్టీ ఫార్టీ (30×40 అడుగుల) సైటు కొన్న మనవాళ్లు ఈ దశకు రాగానే కనిపించినవాళ్లందరినీ అడిగే ప్రశ్న ఒక్కటే: "చదరపు అడుగుకి ఎంత పడుతుంది?" జవాబులకు కొదవ లేదు. సాయంత్రానికల్లా నలుగురు నాలుగు రేట్లు చెబుతారు. చిక్కేమిటంటే ఆ నాలుగూ వేర్వేరు పనులకు చెప్పిన రేట్లు. ఒకరి లెక్కలో సంపు, కాంపౌండ్ గోడ ఉంటాయి, ఇంకొకరి లెక్కలో ఉండవు. ఒకరు కూలి మాత్రమే చెబుతారు, మరొకరు తాళంచెవి చేతికిచ్చేదాకా అంతా కలిపి చెబుతారు.

ఈ ఊళ్లో సైట్ ఇంజనీరుగా పని చేస్తూ నేను గట్టిగా నమ్మేది ఒకటుంది. కాంట్రాక్టు పద్ధతి ఎంచుకునేటప్పుడు రేటు రెండో ప్రశ్న. సామాను మిగిలితే లాభం ఎవరికి, వృథా అయితే నష్టం ఎవరికి, పని లాగితే ఎవరి డబ్బు పోతుంది అన్నది మొదటి ప్రశ్న. పద్ధతిని బట్టి ఈ జవాబు మారుతుంది. దాంతోపాటే సైటులో మీరు కన్నేసి ఉంచాల్సిన చోటు కూడా మారుతుంది. ఆ చోట నిలబడే మనిషి మీ ఇంట్లో ఉన్నారా లేదా అన్నదాన్ని బట్టి ఎంచుకోండి.

నిర్మాణ రంగం మొత్తం నడిచేది ఈ లెక్క మీదే. ప్రభుత్వ భవనాల్లో ప్రతి పనినీ కొలిచి, కొలతల పుస్తకంలో రాసి, ఐటమ్ వారీగా బిల్లు చేసే పద్ధతి తరతరాలుగా ఉంది. జాతీయ రహదారుల్లో డిజైను, సామాను, పని అన్నీ ఒకే సంస్థకు అప్పగించే ఈపీసీ పద్ధతి వచ్చింది. అక్కడ యజమాని తరఫున చూసుకోవడానికి ఇంజనీర్ల బృందమే ఉంటుంది. మన చిన్న సైటులో మాత్రం యజమాని, స్టోర్ కీపరు, క్వాలిటీ ఇంజనీరు, అకౌంటెంటు అందరూ మనమే. అందుకే పెద్ద పనులకు నప్పిన పద్ధతి మనకు నప్పకపోవచ్చు.

లేబర్ కాంట్రాక్టు

సిమెంటు, స్టీలు, ఎం-శాండు (రాయిని పిండి చేసి తయారుచేసే ఇసుక), కంకర, సాలిడ్ బ్లాకులు అన్నీ మీరు తెప్పిస్తారు. మేస్త్రీ మనుషుల్ని తెస్తాడు. స్లాబు గట్టిపడేదాకా కింద ఆధారంగా పెట్టే సెంట్రింగ్ షీట్లు, జాకీలు, ఇంకా మిక్సరు మామూలుగా అతనివే. స్లాబ్ విస్తీర్ణాన్ని కొలిచి చదరపు అడుగుకి ఇంత అని కూలి ఇస్తారు.

ఇందులో పెద్ద మేలు, గోడలోకి ఏం వెళ్తోందో మీకు తెలుస్తుంది. సిమెంటు బస్తా మీరే కొన్నారు కాబట్టి దాన్ని మిగుల్చుకోవాలన్న ఆశ మేస్త్రీకి ఉండదు. కానీ దాన్ని కాపాడాలన్న పట్టింపు కూడా ఉండదు. కలిపిన మాల్ మధ్యాహ్నం భోజనానికి ముందు మిగిలిపోతే గట్టిపడిపోతుంది, అది మీ డబ్బు. 12 మీటర్ల కడ్డీని ఎలా పడితే అలా కోస్తే మూడడుగుల ముక్కలు కుప్పపడతాయి, అవీ మీవే. త్వరగా ముగిస్తే అతనికి లాభం. కాబట్టి అతను వేగం చూసుకుంటాడు, వృథా మీరు చూసుకోవాలి.

వృథాని ఆపడానికి పెద్ద చదువులు అక్కర్లేదు. మూడు అలవాట్లు చాలు. స్ట్రక్చరల్ ఇంజనీరు దగ్గర కడ్డీలు కోసే పట్టిక తీసుకోండి. ఏ సైజు కడ్డీ, ఎంత పొడవు, ఎన్ని ముక్కలు అని అందులో ఉంటుంది. దాన్ని బార్ బెండింగ్ చేసేవాళ్ల చేతికిచ్చి, కోయకముందే మాట్లాడండి. రెండోది, లోడు దిగిన ప్రతిసారీ తేదీ, లారీ నంబరు, పరిమాణం ఒక నోటుబుక్కులో రాయండి. మూడోది, స్టీలు లెక్క మీరే వేసుకోండి. కడ్డీ వ్యాసాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి 162తో భాగిస్తే మీటరుకి ఎన్ని కిలోలో వస్తుంది. 12 ఎం.ఎం. కడ్డీ మీటరుకి సుమారు 0.89 కిలోలు, 12 మీటర్ల నిండు కడ్డీ 10.66 కిలోలు. వంద కడ్డీలు దిగితే 1,066 కిలోలకు దగ్గరగా ఉండాలి. ఈ సైజుకి కడ్డీల భారత ప్రమాణం ఐఎస్ 1786 ఇచ్చే వెసులుబాటు 5 శాతం. అంతకంటే తేడా వస్తే వేబ్రిడ్జి చీటీ తప్పో, కడ్డీలు సన్నమో, ఏదో ఒకటి తేలాలి.

సిమెంటుకు కూడా ఇలాంటి లెక్కే ఉంది. 900 చదరపు అడుగుల స్లాబ్, 5 అంగుళాల మందం అంటే 375 ఘనపుటడుగులు, అంటే 10.6 ఘనమీటర్లు. సిమెంటు, ఇసుక, కంకర 1:1.5:3 పాళ్లలో కలిపే ఎం20 రకం కాంక్రీటుకు ఘనమీటరుకి సుమారు 8 బస్తాలు. బీములు కాకుండా ఒక్క స్లాబుకే 85 బస్తాల దాకా పడుతుంది. మేస్త్రీ 60 చాలంటే సంతోషపడకండి, 130 తెప్పించమంటే ఊరుకోకండి.

ఈ పద్ధతిలో ప్రమాదం ఎక్కువగా ఉన్న చోటు సెంట్రింగ్. షీట్లు, జాకీలు మీ స్లాబు కింద ఉన్నన్ని రోజులూ అవి ఇంకో సైటుకి వెళ్లవు, అతనికి ఆదాయం ఉండదు. అందుకే త్వరగా విప్పాలని చూస్తాడు. మామూలు ఓపీసీ సిమెంటు వాడినప్పుడు కాంక్రీటు పనుల భారత ప్రమాణం ఐఎస్ 456 చెప్పేది ఇది: 4.5 మీటర్ల లోపు స్పాన్ (ఆధారాల మధ్య దూరం) ఉన్న స్లాబుకు ఆధారాలు కనీసం 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు. బీముల కింద 6 మీటర్ల లోపైతే 14 రోజులు, దాటితే 21 రోజులు. పీపీసీ లాంటి, బూడిద కలిపిన సిమెంటు వాడితే గట్టిపడటం నెమ్మది కాబట్టి ఇంకా ఆగాలి. ఎన్ని రోజులో ఇంజనీరు చేత చెప్పించి, ఆ సంఖ్యని అగ్రిమెంటులో రాయండి. నోటిమాట మీద వదిలేయకండి.

ఇంకో సంగతి. బెంగళూరులో అనంతపురం, చిత్తూరు, కర్నూలు జిల్లాల నుంచి వచ్చిన మేస్త్రీలు చాలామంది ఉన్నారు. మన భాషలో మాట్లాడుకోవచ్చు, పని వివరంగా చెప్పొచ్చు, అది నిజంగా మంచి సౌకర్యం. అయితే "మనూరోడే కదా అన్నా, కాగితాలెందుకు" అన్న మాట కూడా అక్కడి నుంచే వస్తుంది. కాగితం ఇద్దరికీ మేలు. అతనికి ఇంగ్లీషు చదవడం రాకపోతే తెలుగులోనే రాయండి, చదివి వినిపించి సంతకం తీసుకోండి. సంక్రాంతికి, ఉగాదికి, ఊళ్లో జాతరకి మనుషులు వెళ్లిపోతారని కూడా గుర్తుంచుకోండి. ఉగాదికి రెండు రోజుల ముందు స్లాబ్ వేస్తే క్యూరింగ్‌కి నీళ్లు కొట్టే మనిషి దొరకడు.

మెటీరియల్‌తో కలిపి చదరపు అడుగు రేటు

ఉద్యోగం చేసుకునే కుటుంబాలు ఎక్కువగా దీనికే మొగ్గుతాయి. బేసిక్, స్టాండర్డ్, ప్రీమియం అని ప్యాకేజీలు, రంగుల బ్రోచరు, దశలవారీ చెల్లింపులు. సామాను కోసం తిరగక్కర్లేదు, వృథా బాధ లేదు. వృథా అయితే కాంట్రాక్టరుకే నష్టం కాబట్టి అతనే జాగ్రత్తగా వాడతాడు.

ఆ జాగ్రత్త ఒక గీత దాటితే పొదుపు అవుతుంది, ఇంకో గీత దాటితే కోత అవుతుంది. కోత ఎప్పుడూ కనిపించని చోటే ఉంటుంది. టైల్స్, కొళాయిలు, మెయిన్ డోరు మీరు చూస్తారు, అక్కడ ఎవరూ తగ్గించరు. ప్లాస్టరింగ్‌లో సిమెంటు పాళ్లు, పిల్లరులో రింగుల దూరం, బాత్రూం వాటర్‌ప్రూఫింగ్, గోడలోపలి వైరు మందం, ఇవి తర్వాత ఎవరికీ కనపడవు. కాబట్టి ఈ పద్ధతి ఎంచుకుంటే మీ దృష్టంతా మూసేసేముందు చూడాల్సిన వాటి మీదే ఉండాలి: కాంక్రీటు పోసేముందు కడ్డీలు, ప్లాస్టర్ చేసేముందు పైపులు, వైర్లు, టైల్స్ వేసేముందు వాటర్‌ప్రూఫింగ్. "ఈ మూడింటిని యజమాని తరఫు ఇంజనీరు చూసి సంతకం పెట్టకుండా మూయకూడదు" అన్న ఒక్క వాక్యం అగ్రిమెంటులో ఉంటే సగం టెన్షన్ పోతుంది.

ప్యాకేజీ కాగితం చదివేటప్పుడు ఏమేం ఇస్తారో రాసిన పేజీ కంటే ఇవ్వనివి రాసిన పేజీ ముఖ్యం. అసలా పేజీయే లేకపోతే అడిగి రాయించండి. సంపు, ఓవర్‌హెడ్ ట్యాంకు, కాంపౌండ్ గోడ, గేటు, బోరు, బెస్కాం (కరెంటు సంస్థ) తాత్కాలిక కనెక్షన్, పని కోసం వాడే నీళ్లు, మెట్ల పైన హెడ్‌రూమ్, వాననీటి ఏర్పాటు ఇవన్నీ గొడవలు పుట్టే చోట్లు. బెంగళూరులో 30×40, అంతకంటే పెద్ద సైటులో కొత్త ఇల్లు కడితే వాననీటి సంరక్షణ తప్పనిసరి. అయినా చాలా ప్యాకేజీల్లో అది "ఎక్స్‌ట్రా". జయనగరలో జలమండలి (బెంగళూరు నీటి సరఫరా సంస్థ) వాళ్ల వాననీటి థీమ్ పార్కుకు వెళ్తే నమూనాలు చూసి రావచ్చు, కాంట్రాక్టరుతో మాట్లాడేటప్పుడు పనికొస్తుంది.

విస్తీర్ణం ఎలా కొలుస్తారో కూడా ఖాయం చేసుకోండి. కారు పార్కింగ్‌కి పూర్తి రేటా, సగం రేటా? బాల్కనీకి? సజ్జలకి? 1,800 చదరపు అడుగుల ఇల్లు అనుకుని ఒప్పుకున్నది చివరి బిల్లులో 2,050 అయ్యేది ఇక్కడే. రేటు 2,000 అనుకుంటే ఆ 250 అడుగులకే 5 లక్షలు.

"మంచి కంపెనీ సిమెంటు", "స్టాండర్డ్ వైరింగ్" లాంటి మాటలకు విలువ లేదు. స్టీలైతే ఏ గ్రేడు, ఏ కంపెనీలు రెండు మూడు, సిమెంటు ఏ రకం, ఏసీ, గీజర్ పాయింట్లకు ఎన్ని చదరపు మిల్లీమీటర్ల వైరు, టైల్స్ చదరపు అడుగుకి ఎన్ని రూపాయల వరకు అని రాయాలి. మీరు అంతకంటే ఖరీదైన టైల్స్ ఎంచుకుంటే తేడా మాత్రమే కడతారా, దాని మీద ఇంకేమైనా కలుపుతారా అన్నది కూడా అప్పుడే తేలాలి.

ధరలు పెరిగితే? ఒప్పందం ప్రకారం నష్టం కాంట్రాక్టరుదే. కాగితం మీద మీరు క్షేమం. కానీ స్టీలు ధర బాగా పెరిగిన నెలల్లో చిన్న కాంట్రాక్టరు పని నెమ్మది చేస్తాడు, లేదా ఇంకెక్కడో తగ్గిస్తాడు. అతని నష్టం తిరిగి మీ ఇంటి గోడలోకే వస్తుంది. స్టీలు, సిమెంటు ఈ రెండింటికి మాత్రం సంతకం చేసిన రోజు ధర రాసుకుని, ఒక హద్దు దాటి పెరిగినా తగ్గినా తేడాను సర్దుకునేలా రాసుకోవడం న్యాయంగా ఉంటుంది. ఇది కాంట్రాక్టరు మీద జాలితో చెప్పడం లేదు. ఇల్లు ఆగకుండా ఉండాలని చెబుతున్నాను.

ఐటమ్ రేటు

తవ్వకం ఘనమీటరుకి ఇంత, కాంక్రీటు ఘనమీటరుకి ఇంత, స్టీలు కిలోకి ఇంత, ప్లాస్టరింగ్ చదరపు మీటరుకి ఇంత అని ప్రతి పనికీ రేటు. చేసినదాన్ని కొలిచి బిల్లు కడతారు. నా దృష్టిలో అన్నింటికంటే న్యాయమైన పద్ధతి ఇదే. ఇల్లు కట్టేటప్పుడు ప్లాను మారకుండా ఉండదు. మధ్యలో అత్తగారు పూజగది పెద్దది చేద్దామంటారు, నాన్నగారు కింద ఇంకో బాత్రూం కావాలంటారు. చదరపు అడుగు పద్ధతిలో అలాంటి ప్రతి మార్పూ ఒక బేరం. ఐటమ్ రేటులో బేరం ఉండదు, కొలతే ఉంటుంది.

పైగా స్టీలుని కొన్న బరువు మీద కాక డ్రాయింగు ప్రకారం లెక్క కట్టిన బరువు మీద చెల్లిస్తే ముక్కల వృథా అతనిదే అవుతుంది. రేట్లు సబబుగా ఉన్నాయో లేదో చూడటానికి కర్ణాటక ప్రజా పనుల శాఖ ప్రచురించే షెడ్యూల్ ఆఫ్ రేట్స్ ఉంది. ప్రైవేటు పనికి అవే రేట్లు రావు గానీ, ఎక్కడ రేటు మరీ ఎక్కువ చెప్పారో పట్టుకోవచ్చు.

ఇక్కడ కాంట్రాక్టరు లాభం కొలతలు పెరగడంలో ఉంది. కాబట్టి కొలిచేది ఎవరు, ఏ నియమం ప్రకారం అన్నదే ప్రాణం. "కొలతలు ఐఎస్ 1200 ప్రకారం" అని రాస్తే చాలా వాదనలు తప్పుతాయి. ఉదాహరణకి నాలుగడుగుల చదరపు కిటికీ సుమారు 1.5 చదరపు మీటర్లు. లోపలా బయటా ప్లాస్టర్ చేసిన గోడలో అర చదరపు మీటరు నుంచి మూడు చదరపు మీటర్ల వరకు ఉన్న ఖాళీకి ఒకవైపు మాత్రమే తగ్గించాలని ఆ ప్రమాణం చెబుతుంది. రెండోవైపు తగ్గించకపోవడం కిటికీ అంచుల పనికి పరిహారం. ఇది తెలియక యజమాని రెండువైపులా తగ్గించమంటాడు, కాంట్రాక్టరు అసలు తగ్గించనంటాడు, ఇద్దరికీ కోపాలు.

మరి అంత మంచిదైతే అందరూ ఎందుకు ఎంచుకోరు? పని మొదలుకాకముందే పూర్తి డ్రాయింగులు, వాటి నుంచి తీసిన పరిమాణాల పట్టిక ఉండాలి. ఈ ఊళ్లో చాలా ఇళ్లు శాంక్షన్ ప్లాను ఒక్కదానితో, స్ట్రక్చరల్ డ్రాయింగు సగం ఉండగానే భూమిపూజ చేసుకుంటాయి. ముహూర్తం ముంచుకొచ్చిందని అలా మొదలుపెట్టినవాళ్లకు ఐటమ్ రేటు పనికిరాదు. కొలిచి సరిచూసే మనిషి లేనివాళ్లకూ అంతే.

వీటికి తోడు ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ పేరుతో, సామాను, మనుషులు అన్నిటికీ అయిన ఖర్చు మీరు కట్టి, దాని మీద తమకు ఇంత శాతం ఇవ్వమనేవాళ్లు ఉన్నారు. ఖర్చు పెరిగితే వాళ్ల ఫీజూ పెరుగుతుంది. ఆ మనిషి ఎంత మంచివాడైనా ఈ లెక్క మీకు అనుకూలం కాదు. ఫీజు నెలకింత అనో దశకింత అనో ఖాయం చేస్తానంటేనే మాట్లాడండి.

జీఎస్టీ సంగతి

లేబర్ కాంట్రాక్టుకు జీఎస్టీ లేదు, మెటీరియల్‌తో ఇస్తే 18 శాతం అని అంటారు. అందులో నిజముంది, కానీ సగమే. సముదాయంలో భాగం కాని విడి ఇంటికి, సామాను లేకుండా కేవలం కూలి పనికి ఇచ్చిన కాంట్రాక్టుకు మినహాయింపు ఉంది. సామానుతో కలిపితే అది వర్క్స్ కాంట్రాక్టు, బిల్లు మొత్తం మీద 18 శాతం. అయితే మీరే సామాను కొన్నా సిమెంటు, స్టీలు ధరల్లో జీఎస్టీ ఉండనే ఉంటుంది. సిమెంటు మీద 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం కాస్తా 18 అయింది. రిజిస్టరైన కాంట్రాక్టరు సామాను మీద కట్టిన పన్నుని తన పన్నులోంచి తగ్గించుకుంటాడు. అంటే అసలు తేడా కూలి, లాభం భాగం మీద పడే 18 శాతమే. 36 లక్షల ఒప్పందం మీద 6.48 లక్షలు మొత్తం మిగిలిపోతాయని అనుకోకండి, అందులో కొంతే మిగులుతుంది.

పైన రెండు మూడు పోర్షన్లు అద్దెకు వేస్తున్నట్టయితే అది "ఒకే నివాసం" కిందికి వస్తుందో రాదో ముందే ఆడిటర్‌ని అడగండి. జీఎస్టీ నంబరు లేని కాంట్రాక్టరు మీ దగ్గర జీఎస్టీ వసూలు చేయకూడదు. ఒకే కాంట్రాక్టరుకు ఏడాదిలో 50 లక్షలు దాటి చెల్లిస్తే టీడీఎస్ కూడా మీ బాధ్యత.

ఎవరికి ఏది

ఇంట్లో రిటైరైన పెద్దాయన ఉండి, మదనపల్లె నుంచో నంద్యాల నుంచో వచ్చి రోజూ సైటులో కూర్చోగలిగితే, లెక్కలంటే ఓపిక ఉంటే, లేబర్ కాంట్రాక్టు వేయండి. స్లాబులకు మాత్రం రెడీమిక్స్ (ప్లాంటులో కలిపి బండిలో తెచ్చే కాంక్రీటు) తెప్పించండి. పైన చెప్పిన స్లాబుకు, బీములతో కలిపి రెండు మూడు బండ్లు సరిపోతాయి, పాళ్ల తేడా బాధ తప్పుతుంది. పిల్లర్లు, స్లాబులు, గోడలు అయ్యాక ఎలక్ట్రికల్, ప్లంబింగ్, టైల్స్, పెయింటింగ్ విడివిడిగా ఇవ్వొచ్చు. వైర్లు, స్విచ్చులకు బీవీకే అయ్యంగార్ రోడ్డు, గ్రానైట్‌కి జిగణి, చెక్కకు మైసూరు రోడ్డు టింబర్ యార్డు ఇలా తిరిగే ఓపిక ఉంటే మిగిలేది బాగానే మిగులుతుంది.

భార్యాభర్తలిద్దరూ మారతహళ్లిలోనో వైట్‌ఫీల్డులోనో ఆఫీసుకెళ్తుంటే లేబర్ కాంట్రాక్టు జోలికి పోవద్దని నా సలహా. పది గంటలకు మీటింగులో ఉండగా "సార్, శాండు అయిపోయింది, మనుషులు ఖాళీగా కూర్చున్నారు" అని ఫోను వస్తుంది. ఆ రోజు కూలి దండగ, మేస్త్రీకి కోపం. మీకు నేను చెప్పేది ఒక మిశ్రమం: పునాది నుంచి ప్లింత్ బీము (గోడలు లేచే మట్టంలో వేసే బీము) దాకా ఐటమ్ రేటు, అక్కడి నుంచి పైకి మెటీరియల్‌తో చదరపు అడుగు రేటు.

ఇలా విడదీయడానికి కారణం ఈ ఊరి నేలే. ఒక వీధిలో నాలుగడుగులకే గట్టి మొరం తగులుతుంది, రెండు వీధులు దాటితే పాత చెరువు మట్టి, లేదా ఎవరో ఎప్పుడో పోసిన మట్టి. ప్యాకేజీ రేటులో పునాది లోతు ఇన్ని అడుగుల వరకే అని హద్దు ఉంటుంది. అంతకంటే లోతుకు వెళ్తే ఎక్స్‌ట్రా బేరం, అదీ గుంత తవ్వేసి మీరు వెనక్కి తిరగలేని స్థితిలో. తక్కువ లోతులో గట్టి నేల తగిలితే ఆ మిగులు మీకు ఎవరూ తిరిగివ్వరు. భూమిలోపలి పనిని కొలిచి కట్టండి, భూమి పైది ఒకే రేటుకి ఇవ్వండి. మట్టి పరీక్ష ముందే చేయిస్తే ఇంకా మంచిది. దీనికి తోడు కాంట్రాక్టరుతో సంబంధం లేని ఇంజనీరును మీ డబ్బుతో పెట్టుకోండి. ప్రతి రోజూ అక్కర్లేదు, మూసేసేముందు చూడాల్సిన దశలన్నింటికీ వస్తే చాలు.

40×60 సైటులో బేస్‌మెంటు తవ్వుతున్నా, కింద షాపులు, పైన ఇళ్లు వేస్తున్నా పూర్తి ఐటమ్ రేటు వైపు వెళ్లండి. అలాంటి పనికి పూర్తి డ్రాయింగుల ఖర్చు ఎలాగూ తప్పదు. విదేశంలో ఉండి కట్టించేవాళ్లు మెటీరియల్‌తోనే ఇవ్వాలి, ఫొటోలు చూసి కాకుండా ఇంజనీరు సంతకం చేసిన రిపోర్టు చూసి డబ్బు పంపాలి. బావమరిది కాంట్రాక్టరైనా ఇదే పద్ధతి, ఇదే కాగితం. బంధుత్వం నిలవాలంటే మరీ ముఖ్యం.

కాంట్రాక్టరుకి వదలకూడనివి

స్ట్రక్చరల్ డిజైను ఎప్పుడూ మీరు నియమించిన ఇంజనీరుదే అయ్యుండాలి. డిజైను, పని రెండూ ఒకరి చేతిలోనే ఉంటే తప్పు పట్టేవాళ్లు ఉండరు. స్లాబు రోజు 150 మిల్లీమీటర్ల క్యూబులు పోయించి 7, 28 రోజులకు ల్యాబులో పరీక్షించండి. 6 నుంచి 15 ఘనమీటర్ల కాంక్రీటుకు ఐఎస్ 456 అడిగేది రెండు నమూనాలు, ఒక్కో నమూనాకు మూడు క్యూబులు. ఇంటి ఖర్చులో ఇది ఏ మూలకూ రాదు.

శాంక్షన్ ప్లాను దాటి ఇంకో అంతస్తు వేద్దామని ఎవరు చెప్పినా వినకండి. 2024 అక్టోబరులో హొరమావు పక్కన బాబుసాపాళ్యలో కడుతున్న భవనం కూలి కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. అనుమతి కంటే ఎక్కువ అంతస్తులు వేసినట్టు అప్పుడు బయటపడింది. అదే ఏడాది డిసెంబరులో సుప్రీంకోర్టు కరెంటు, నీటి కనెక్షన్లను ఆక్యుపెన్సీ సర్టిఫికెట్‌తో (ఇంట్లో ఉండొచ్చని ఇచ్చే అనుమతి పత్రం) ముడిపెట్టింది. తర్వాత చిన్న సైట్లకు రాష్ట్రం సడలింపు ఇచ్చింది గానీ, మీ కార్పొరేషన్‌లో ఇప్పుడున్న నియమం తెలుసుకునే పునాది వేయండి.

పనివాళ్ల భద్రత కూడా మీ ఇంటి విషయమే. పై అంతస్తు అంచున పనిచేసేవాళ్లకు అడ్డుకట్ట, హెల్మెట్, ప్రమాద బీమా ఎవరు సమకూర్చాలో అగ్రిమెంటులో పేరు పెట్టి రాయాలి. సైటులో షెడ్డు వేసుకుని ఉండే కాపలా కుటుంబానికి మరుగుదొడ్డి, తాగే నీళ్లు మొదటి రోజు నుంచే ఉండాలి. మన ఇల్లు లేచేది వాళ్ల చేతుల మీదే.

నీళ్లు కూడా అంతే. 2024 మార్చిలో నీటి కటకట వచ్చినప్పుడు తాగునీటిని నిర్మాణానికి వాడటాన్ని జలమండలి నిషేధించింది, పట్టుబడితే 5,000 జరిమానా పెట్టింది. ఐఎస్ 456 ప్రకారం ఓపీసీ కాంక్రీటుకు కనీసం 7 రోజులు, పీపీసీ లాంటి సిమెంటుకు 10 రోజులు తడి ఆరకూడదు. ఆ నీళ్లు ఎవరు తెప్పించాలో, ఎవరు కొట్టాలో రాయకపోతే లేబర్ కాంట్రాక్టులో క్యూరింగ్ ఎవరి పనీ కాకుండా పోతుంది.

డబ్బు ఎప్పుడు, ఎంత

దశల పట్టిక ముందు పెట్టుకుని ప్రతి దశ దగ్గరా ఒక ప్రశ్న వేసుకోండి: ఇక్కడ కాంట్రాక్టరు పని వదిలి వెళ్లిపోతే, నా దగ్గర మిగిలిన డబ్బుతో ఇంకొకరు ఇల్లు పూర్తి చేయగలరా? పునాది, పిల్లర్లు, గోడలు, స్లాబులు అయ్యేసరికి ఖర్చులో సగం, కొంచెం అటూ ఇటూ. కానీ చాలా పట్టికల్లో ఆఖరి స్లాబు అయ్యేసరికి 70, 80 శాతం తీసేసుకునేలా ఉంటుంది. ఆ తర్వాత ఫినిషింగ్ పనికి మనిషి ఫోను ఎత్తకపోతే ఆశ్చర్యం లేదు. చెల్లింపు పని వెనకాల నడవాలి, ముందు కాదు. బ్యాంకు లోను విడుదలయ్యే దశలూ, మీ అగ్రిమెంటు దశలూ ఒకటిగా ఉండేలా సంతకానికి ముందే బ్యాంకు ఇంజనీరుతో మాట్లాడండి. లేకపోతే ఇక్కడ బిల్లు, అక్కడ ఆలస్యం, మధ్యలో మీ పీఎఫ్ డబ్బు.

అపార్టుమెంటు కొన్నవాళ్లకు నిర్మాణ లోపాల మీద రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం ఐదేళ్ల హామీ ఇస్తుంది. సొంత సైటులో కట్టించుకునే మనకు ఆ చట్టం రాదు. వినియోగదారుల కోర్టు దారి ఉంది, కానీ అక్కడ కూడా మొదట అడిగేది అగ్రిమెంటే. కాబట్టి లోపాల బాధ్యత ఎన్నాళ్లో అందులోనే రాసుకోవాలి. నేను చెప్పేది: ప్రతి బిల్లులో 5 శాతం ఆపి, ఆ మొత్తాన్ని గృహప్రవేశం రోజున కాకుండా, సెప్టెంబరు, అక్టోబరు వానలు ఒక విడత పడ్డాక ఇవ్వండి. ఈ ఊళ్లో గట్టి వానలు ఎక్కువగా పడేది ఆ రెండు నెలల్లోనే. టెర్రస్ మూలలు, కిటికీల కింది అంచులు, బాత్రూం వెనక గోడ, సంపు మూత, ఈ నాలుగు చోట్లా చెమ్మ ఉందో లేదో ఇంజనీరుతో కలిసి చూసి, ఉన్నదాన్ని సరిచేయించి, ఆ తర్వాతే చివరి చెక్కు మీద సంతకం పెట్టండి.